వెచ్చని అలమర

"ఇది చచ్చిందే ఐర్వెన్," అంది మా వదిన నెస్టా, కొత్త వేడినీళ్ళ సిలిండరు పొట్టమీద అరచెయ్యి ఆనించి. "నిన్న సాయంత్రం పెట్టి వెళ్ళారు, పొద్దున్నకల్లా చచ్చింది. చూడు ఎంత చల్లగా ఉందో."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిజమే, గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది.

"కుళాయిలో వేడినీళ్ళు వస్తున్నాయా?"

"రాకేం? సలసలా వస్తున్నాయి."

"మరింకేం ఏడుపు నీకు?"

"నీళ్ళ సంగతి ఎవరడిగారే! నా అలమర సంగతి చెప్పు. మీ అన్నయ్య బనీన్లు ఎక్కడ ఆరబెట్టను, నీ నెత్తిమీదా?"

నా నోరు మంచిది కాదని గ్రైగ్ వీధి వీధంతా అంటుంది. అననీ. మా వదిన నోటి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఆవిడ మెత్తగా నవ్వుతూ అంటుంది. పక్క పక్క ఇళ్ళల్లో నలభై ఏళ్ళు కాపురం చేశాం. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ. మా ఇద్దరికీ పడదన్నది ఊరందరికీ తెలిసిన సంగతే, దాచుకునేందుకేమీ లేదు.

కానీ ఆవేళ ఆవిడ ఏడుపు నాకూ అర్థమైంది. మా వేల్స్ లోయల్లో ప్రతి ఇంటికీ మెట్లెక్కగానే ఒక అలమర ఉంటుంది. అందులో రాగి సిలిండరు, దాని పైనా పక్కనా చెక్క అరలు. రాగిది రాత్రీపగలూ సెగ కక్కుతుంది కాబట్టి, ఉతికి ఆరేసిన బట్టల్ని కూడా అక్కడ ఒక పూట పెడితే గాని మేం ఒంటిమీద వేసుకోం. ఇక్కడ వాన ఆగిందెప్పుడు గనక! చెమ్మ బనీను వేసుకుంటే ఛాతీలో జలుబు, జలుబు ముదిరితే శవపెట్టె అని మా అమ్మ చెప్పేది. వాళ్ళమ్మ ఆవిడకి చెప్పింది. బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులున్న ఇంట్లో ఆ మాటని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. డాక్టర్లు నవ్వుతారనుకోండి. వాళ్ళు దేనికైనా నవ్వుతారు.

మా అన్నయ్య మాల్డ్విన్‌వి అలాంటి ఊపిరితిత్తులే. గనిలో కరెంటు పని చేసేవాడు. గని మూసేశాక దగ్గు మిగిలింది, ఆ తర్వాత షుగరు వచ్చింది, షుగరుతో పాదాలు మొద్దుబారిపోయాయి. మేకు తొక్కితే మేజోడు ఎర్రబడ్డాక తెలిసేది ఆయనకి. పోయిన శరదృతువులో స్నానాల తొట్టిలో కాలు జారి పడ్డాడు. ఆసుపత్రిలో పెట్టారు. అక్కడ రొవీనా అనే అమ్మాయి వచ్చింది. ముసలివాళ్ళు ఇంట్లో క్షేమంగా బతకగలరా లేదా అని ఇళ్ళకి వచ్చి చూసిపోవడం ఆ పిల్ల ఉద్యోగం.

"ఇంటికి పంపిస్తాం. కానీ పాత తొట్టితో కుదరదు," అంది రొవీనా. "కిందనే, గడప లేకుండా, జారకుండా ఒక స్నానాల గది కట్టిస్తాం. నిలబడే పనిలేకుండా కుర్చీలో కూర్చుని షవరు కింద స్నానం చెయ్యొచ్చు. శీతాకాలం అయ్యేలోపు వచ్చి చూస్తాను. అంతా బాగుంటే సరే. లేదంటే మనం కొండమీది ముసలివాళ్ళ హోము గురించి మాట్లాడుకోవాలి."

కొండమీది హోము అంటే మా లోయలో అందరికీ తెలుసు. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది, ఊళ్ళోకి మాత్రం ఎవరూ తిరిగి రారు.

"చూడమ్మాయ్," అన్నాడు అన్నయ్య రొవీనాతో. "నేను జీవితమంతా రోజూ భూమి కిందికి దిగి, రోజూ పైకొచ్చాను. ఆ కొండెక్కితే మాత్రం నన్ను దించేది పెట్టెలోనే." తర్వాత వదిన వైపు తిరిగాడు. "ఏమే, పంపిస్తావా నన్ను?"

"నువ్వు నన్ను ఇన్నాళ్ళు కాల్చుకు తిన్నావు, ఇప్పుడు వాళ్ళనెందుకు కాల్చుకు తినడం?" అంది వదిన. "చచ్చినా పంపను. నా ప్రాణముండగా నీ మంచం ఇంట్లోనే." నవ్వుతూనే అంది, కానీ ఒట్టు వేసినట్టే అంది. పిల్లల్లేరు వాళ్ళకి. ఒకళ్ళకొకళ్ళే.

అదిగో, ఆ షవరు కోసం వచ్చింది కొత్త సిలిండరు. పాతదాని నీళ్ళు అటకమీది తొట్టిలోంచి దిగి పిల్లి ఉచ్చలా వచ్చేవి, ఆ ధారకి షవరు పనిచెయ్యదన్నారు. కొత్తదానికి తొట్టీ లేదు, గిట్టీ లేదు. వీధి గొట్టంలో నీళ్ళు ఎంత జోరుగా ఉంటాయో అంత జోరుగా ఇంట్లోకొస్తాయి. భుజాల నిండా పచ్చబొట్లు పొడిపించుకున్న మనిషి ఒకడు వచ్చి, రెండ్రోజులు పనిచేసి, బకెట్టెడు టీ తాగి, బిగించి వెళ్ళాడు.

మొదటి వారమే జోరు తట్టుకోలేక వంటింట్లో పాత గొట్టం అతుకు ఊడింది. వదిన మోకాళ్ళ లోతు తువ్వాళ్ళ మధ్య నిలబడి కేకలు పెడుతుంటే, అన్నయ్య కుర్చీలోంచి "పడవ తెమ్మంటావా?" అని అడిగాడు. ఆ తర్వాత వారం సిలిండరు పక్కనున్న చిన్న గరాటులోకి టప్ టప్‌మని బొట్లు పడ్డం మొదలైంది. పచ్చబొట్లవాడికి ఫోను చేస్తే వస్తానన్నాడు, రాలేదు. చివరికి కుళాయి హాండెల్‌ని పిలిచాం. మా లోయలో అందరూ జోన్సులూ డేవిసులే, అందుకని ఎవడి పనితో వాణ్ణి పిలుస్తాం.

హాండెల్ వచ్చి, అలమరలోకి తలదూర్చి, చాలాసేపు బయటికి రాలేదు.

"బతికుందా?" అని అడిగాను.

"ఏ రోగమూ లేదు పిన్నీ. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. పాతదైతే ఉబ్బిన నీళ్ళు తొట్టిలోకి పోయేవి. ఇది మూత బిగించిన ప్రెషర్ కుక్కర్ లాంటిది. ఉబ్బడానికి చోటుండాలని ఈ చిన్న బుడ్డి పెట్టారు. ఇందులో గాలి తక్కువైంది, అంతే." సైకిలు పంపు తెప్పించి గాలికొట్టాడు. బొట్లు ఆగిపోయాయి.

"అది సరే, మరి వేడేదిరా?" అంది వదిన. "నా అలమర మంచుగడ్డలా ఉంది."

"అదే దీని గొప్పతనం. వేడంతా లోపలే ఉంటుంది. ఈ డొక్క లోపల నురుగు దట్టించారు. వేడి బయటికి రాదు, కరెంటు ఖర్చు కాదు."

"అంటే నా బనీన్లకి రావలసిన వేడిని అది దాచుకుంటోందన్నమాట."

"అలాగే అనుకో పిన్నీ. కానీ ఆ కింద నల్ల మూత చూశావా? దాని జోలికి మాత్రం వెళ్ళకు. వేడి తగ్గించేదీ పెంచేదీ అందులోనే ఉంది. కరెంటు కూడా ఉంది. అరవై డిగ్రీల దగ్గర పెట్టి వెళ్ళాడు వాడు, అదే ఎక్కువ. వంటింటి కుళాయి తిప్పేటప్పుడు జాగ్రత్త. షవరు దగ్గర చన్నీళ్ళు కలిపే సాధనం ఉంది గానీ వంటింట్లో లేదు."

వదిన తల ఊపింది. కుళాయి మాట విందో లేదో నాకు తెలీదు. వేడి పెంచేది అందులోనే ఉందన్న మాట మాత్రం వినుంటుంది.

ఫిబ్రవరి వచ్చింది. చలి గోడలు దాటుకుని లోపలికొచ్చేసింది. అన్నయ్య దగ్గు మొదలుపెట్టాడు. వదిన బనీన్లన్నీ బొగ్గుపొయ్యి ముందు చట్రం మీద వేలాడేసింది. సరిగ్గా ఆవేళే దార్లో పోతూ రొవీనా తొంగిచూసి, "అయ్యో, నిప్పు ముందు బట్టలా! ఈయన లేవలేని మనిషి, అంటుకుంటే ఎలాగ? దయచేసి వద్దు. వచ్చేవారం వచ్చి అంతా చూస్తాను," అంది. చెడ్డ పిల్ల కాదు. అంత మెత్తగా చెప్పింది కాబట్టే వదిన మరీ భయపడిపోయింది.

"చూశావుగా," అంది నాతో, గుమ్మం దగ్గర. "ఈ దగ్గు ఇలాగే ఉండగా ఆ పిల్ల వస్తే ఏం రాసుకుంటుంది? ఇంట్లో ఒళ్ళు పాడవుతోంది, కొండమీదికి తోలండి అని రాసుకుంటుంది. పొయ్యి దగ్గర ఆరబెట్టొద్దంటుంది. అలమర చల్లగా ఉంది. చెమ్మ బనీన్లు తొడగనా మొగుడికి?"

"మా ఇంట్లో పాత రాగిదే ఉంది. తెచ్చి నా అలమరలో పెట్టు," అన్నాను.

"నీ అలమరలోనా? నా మొగుడి బనీన్లు నీ చేత ఆరబెట్టించుకునే గతి నాకింకా పట్టలేదు," అంది, నవ్వుతూనే.

ఛీ, నీ ఖర్మ అనుకుని ఊరుకున్నాను.

రొవీనా సోమవారం వస్తానంది. ఆదివారం మధ్యాహ్నం వదిన ప్రార్థన మందిరానికి వెళ్ళింది. నేను వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. నాకూ దేవుడికీ కూడా పడదు. పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చి, వేడివేడిగా అన్నయ్యకి ఇద్దామని గిన్నెలో పెట్టుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళాను.

వంటింట్లో కుర్చీలో కూర్చున్నాడు. పంట్లాం మోకాళ్ళ దాకా మడిచాడు. గిన్నెలు తోమే ప్లాస్టిక్ టబ్బు కింద పెట్టుకుని, అందులో రెండు పాదాలూ ముంచి, పేపరు చదువుకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూడవే చెల్లీ," అన్నాడు. "ఎవరి సాయం లేకుండా నేనే పట్టుకున్నా నీళ్ళు. నేనే దించుకున్నా. రేపు ఆ పిల్ల వచ్చేసరికి పాదాలు తళతళలాడాలి. మీ వదినకి చెప్పకు, రేపు ఆ పిల్ల ముందే చెప్పి ఇద్దర్నీ నోరెళ్ళబెట్టిస్తా."

మా ఇళ్ళల్లో చన్నీళ్ళ కుళాయి వేరు, వేడినీళ్ళ కుళాయి వేరు. పాత సిలిండరు రోజుల్లో వేడినీళ్ళ కుళాయి తిప్పితే గోరువెచ్చగా వచ్చేవి. చన్నీళ్ళు కలిపితే కాళ్ళు కడుక్కోవడానికి పనికొచ్చేవి కావు. అందుకని అన్నయ్య జీవితమంతా ఆ ఒక్క కుళాయే తిప్పాడు. ఆవేళా అదే తిప్పాడు. శరదృతువులో పడ్డ దగ్గర్నుంచీ వదినే అన్నీ చేస్తోంది కాబట్టి, కొత్త సిలిండరొచ్చాక ఆ కుళాయి మీద ఆయన చెయ్యి పడలేదు. చేత్తో చూసుకోలేదా అని తర్వాత అందరూ అడిగారు. చూసుకునే ఉంటాడు. పొయ్యిలోంచి జారిన బొగ్గుని వేళ్ళతో ఎత్తి మళ్ళీ పొయ్యిలో వేసే చేతులవి.

"టీ పెట్టు," అన్నాడు. "నిలబడి చూస్తావేం?"

నేను నీళ్ళకేసి చూస్తున్నాను. పాలమీద మీగడ కట్టినట్టు ఏదో తేలుతోంది. నా కళ్ళు ఆ సంగతి చెప్పినా బుర్ర ఒప్పుకోలేదు. వంగి చెయ్యి ముంచాను. కాస్త చల్లారి ఉంటాయి, అయినా చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. తేలుతున్నది ఆయన చర్మం.

"అన్నయ్యా! కాళ్ళు తియ్యి! తియ్యి బాబూ, తియ్యి!"

"ఏమైందే?" అన్నాడు. నిజంగానే ఏమైందో తెలియక అడిగాడు. పేపరు పక్కనపెట్టి, కిందికి చూసుకుని, అప్పుడు కూడా నొప్పి లేక, కేవలం ఆశ్చర్యపోయాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. రొట్టెల గిన్నె నా చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో నాకు తెలీదు.

షుగరున్న కాళ్ళు మానవు. ముందు ఎడమకాలి వేళ్ళు తీశారు. ఆ తర్వాత మోకాలి కిందిదాకా తీసేశారు. కుడిపాదం మిగిలింది గానీ దానిమీద బరువు పెట్టకూడదన్నారు.

కాలు తీసిన రోజు ఆసుపత్రి నడవాలో బెంచీ మీద వదిన నా పక్కన కూర్చుంది. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంది.

"నేనే తిప్పానే ఐర్వెన్," అంది.

"ఏం తిప్పావు?"

"నల్ల మూత కిందిది. వెన్న రాసుకునే చాకుతో మర విప్పాను. లోపల చిన్న చక్రం ఉంది. ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పేశాను. సిలిండరు లోపల ఇంకా వేడెక్కితే బయటికి కాస్తయినా వస్తుందనుకున్నా. బనీన్లు..."

"నీ బనీన్లు తగలెయ్య!" అన్నాను. నడవాలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. "కొరివితో తల గోక్కున్నావు కదే! హాండెల్ చిలక్కి చెప్పినట్టు చెప్పలేదూ!"

"చెప్పాడు. అరవై దగ్గరున్నా కాళ్ళు కాలేవట, ఇందాక డాక్టరుగారన్నారు. కానీ ఇంత లోతుగా కాలేవి కావట."

ఇంకా తిడదామని నోరు తెరిచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్ళలో పట్టుకోలేదు ఎప్పుడూ. తిట్టలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"ఆ పిల్లకి చెప్పేస్తా," అంది. "ఆ నల్ల మూతకి తాళం వేయించుకుంటామని చెప్తా, వంటింటి కుళాయికీ ఆ కలిపే సాధనం పెట్టించమంటా. తప్పు నాదే గానీ ఆయనది కాదు. ఇంటికి పంపమని కాళ్ళు పట్టుకుంటా."

"అలా చెప్పు. నేనూ వస్తా పక్కన," అన్నాను. నిజం చెప్తే ఆయన ఇంటికొస్తాడని ఇద్దరమూ నమ్మాం.

కాలు పుండు ఆరుతున్నప్పుడు రొవీనా వార్డుకి వచ్చింది. మంచం తెర లాగి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. వదిన అవతల పక్క కూర్చుంది. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. కాళ్ళ దగ్గర అనకూడదు గానీ, అక్కడే.

"మీ సిలిండరు చూసొచ్చాను," అంది రొవీనా. "ఎవరో దాన్ని ఆఖరిదాకా తిప్పారు. పెట్టినతను అరవైలో వదిలాడు, అతని దగ్గర ఫోటో ఉంది. ఎవరినీ శిక్షించడానికి కాదు నేనడిగేది. కానీ అడగక తప్పదు. మనిషిని చూసుకునేవాళ్ళ వల్లే ఆ మనిషికి హాని జరిగిందనుకోండి, అది వేరే వాళ్ళు విచారించే సంగతవుతుంది. నెస్టాగారూ, మీకేమైనా తెలుసా?"

వదిన నోరు తెరిచింది. "అది... నేనూ..."

"నువ్వు నోర్మూసుకో," అన్నాడు అన్నయ్య. దగ్గు మధ్యలోంచే, గనిలో కేకేసినట్టు. "దానికేం తెలుసమ్మాయ్! బల్బు మార్చడం కూడా రాదు. నేనే తిప్పాను."

"మీరా? మెట్లెక్కి?"

"పిర్ర మీద డేక్కుంటూ ఎక్కాను. గనిలో ఇంతకంటే ఇరుకు సందుల్లో పాకాను. కరెంటు పనివాణ్ణి, ఓ డబ్బా మూత తీయలేనా? ఒక మర, లోపల చక్రం. చలేసింది, తిప్పేశాను."

అంతా సరిగ్గానే చెప్పాడు. అలాంటి మూతలు జీవితమంతా విప్పినవాడు కదా.

రొవీనా ముందుకు వంగింది. "మరి మీరే వేడి పెంచి, ఆ నీళ్ళలో మీరే కాళ్ళెందుకు పెట్టారు మాల్డ్విన్‌గారూ?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. నాకు తెలుస్తూనే ఉంది. కప్పుకున్న దుప్పటికేసి చూశాడు, కాలు లేక పల్లంగా ఉన్న చోటికేసి. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఏ సొరంగం ఏ ఏడు కూలిందో, నేను చిన్నప్పుడు ఎవరి యాపిల్ చెట్టు ఎక్కి దిగలేక ఏడ్చానో అన్నీ గుర్తున్న మనిషి.

"మర్చిపోయాను," అన్నాడు.

రొవీనా ముఖం మారింది. జాలి వచ్చింది. ఆ జాలి చూడగానే సంగతి అర్థమైంది నాకు. కాలు లేని మనిషిని ఇంటికి పంపొచ్చు. తను చేసింది తనే మర్చిపోయే మనిషిని పంపరు.

"అబద్ధం!" అన్నాను. "ఆయన అబద్ధాలాడుతున్నాడు. మా వదిన తిప్పింది. చాకుతో తిప్పింది, నాతో తనే చెప్పింది. మా అన్నయ్య బుర్ర ఉక్కు ముక్క, దేన్నీ మర్చిపోడు!"

రొవీనా వదిన వైపు చూసింది. నేనూ చూశాను. అన్నయ్య మాత్రం నవ్వాడు.

"మా చెల్లెలికి మా ఆవిడంటే మొదట్నుంచీ గిట్టదమ్మాయ్. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా? వీధిలో ఎవర్నైనా అడుగు."

అడిగితే ఎవరైనా అదే చెప్తారు. నలభై ఏళ్ళు వీధి వీధంతా వినేలా అరుచుకున్నాం. నా మాట చెల్లకుండా నేనే చేసుకున్నానని అప్పుడు తెలిసింది నాకు.

"నెస్టాగారూ?" అంది రొవీనా.

వదిన మొగుడి కేసి చూసింది. ఆయన ఆవిడ కేసి చూశాడు. నేను ఒట్టేసి చెప్తున్నాను, ఆవిడ పెదవులు కదిలాయి. మాట మాత్రం రాలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని కొక్కెం తీస్తూ వేస్తూ కూర్చుంది. రొవీనా కాస్సేపు చూసి, లేచి వెళ్ళిపోయింది.

నడవాలో పట్టుకుని అడిగాను. "చెప్తానన్నావు కదే!"

"నోరు మూసుకోమన్నాడు."

"అంటే?"

"హాని జరిగిందనుకోండి అంది కదా ఆ పిల్ల. విచారిస్తారట. నన్ను పోలీసులు... భయమేసిందే."

భయమెవరికి వెయ్యదు? నాకూ వేసేదే. అయినా ఆవిణ్ణి అక్కడే గోడకేసి కొట్టాలనిపించింది. అంతకంటే ఇంకెలా చెప్పను.

ఆసుపత్రి నుంచి ఆయన్ని తిన్నగా కొండమీదికి తీసుకెళ్ళారు. గ్రైగ్ వీధి మీంచే పోయింది బండి. ఆగమని అడిగాడట, ఆపే వీలు లేదన్నారట.

వదిన అలమర తలుపు తీసి ఉంచేసేది, పగలంతా. కొత్త సిలిండరు అందులో తెల్లగా, చల్లగా నిలబడి ఉండేది. హాండెల్ వచ్చి వేడి తగ్గించి, నల్ల మూతకి తాళం వేసి వెళ్ళాడు. ఎవరికోసమో మరి. ఆవిడ తిండి మానేసింది. నేను గొర్రెమాంసం పులుసు గిన్నెలో పోసి తీసుకెళ్తే, పెట్టింది పెట్టినట్టే ఉండేది. మూడోసారి ఆ గిన్నె వెనక్కి తెచ్చుకుంటుంటే కోపం ఆగలేదు.

"చచ్చిపోతావా ఇలాగే? చచ్చేముందు వెళ్ళి ఆ పిల్లకి నిజం చెప్పి చావు!"

కోటు వేసుకుంది. అప్పటికప్పుడే బస్సెక్కాం.

రొవీనా ఆఫీసులో వదిన అంతా చెప్పింది. అలమర సంగతి, బనీన్లు, చాకు, చక్రం, అన్నీ. ఏడవకుండా, తడబడకుండా చెప్పింది. "నన్నేమైనా చేసుకోండి. జైల్లో పెట్టండి. ఆయన బుర్రకేమీ కాలేదు, నాకోసం అబద్ధమాడాడు. ఇంటికి పంపండి," అంది.

రొవీనా లేచొచ్చి, ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"నెస్టాగారూ, నాకు అర్థమవుతుంది," అంది. "భర్తని ఇంటికి తెచ్చుకోవాలని ఎంతోమంది భార్యలు ఇలాగే తప్పు తమ మీద వేసుకుంటారు. మిమ్మల్ని చూస్తే నాకు ఏడుపొస్తోంది. కానీ ఆయనే స్వయంగా చెప్పారు కదా. మీరు అప్పుడు పక్కనే ఉన్నారు, కాదనలేదు."

"అప్పుడు భయమేసింది!"

"ఇప్పుడు ఒంటరిగా ఉండలేక చెప్తున్నారు. తప్పు లేదు."

నేను బల్లమీద కొట్టాను, అరిచాను. నేను అరిచినకొద్దీ ఆ పిల్ల ముఖంలో జాలి ఎక్కువైంది. గోడకి చెప్పుకున్నా ఎక్కడో ఒక చోట మట్టి రాలేది.

అట్నుంచి అటే కొండెక్కాం. అన్నయ్య కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. టీవీలో రగ్బీ ఆట వస్తోంది, చూడటంలేదు. వదిన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చెప్పేశాను," అంది. "ఆ పిల్లకి అంతా చెప్పేశాను. నమ్మలేదు."

అన్నయ్య నవ్వాడు. "అంత బాగా ఆడానన్నమాట అబద్ధం." నవ్వు దగ్గులోకి దిగింది. ఎవరో ముసలావిడ పక్కగదిలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది.

"ఆవేళే చెప్తావనుకున్నానే," అన్నాడు చివరికి. "ఆసుపత్రిలో. నేను ఆ ముక్క అనగానే లేచి నామీద విరుచుకుపడతావనుకున్నా. ఆ తర్వాత ఇక్కడికొచ్చాక కూడా రోజూ తలుపుకేసి చూశాను, చెప్పేసి వస్తావని."

"నువ్వేగా నోర్మూసుకోమన్నావు," అంది వదిన.

అన్నయ్య ఆవిడకేసి చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

"మన పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లు నోర్మూసుకోమన్నాను నెస్టా?" అన్నాడు. "ఎప్పుడైనా మూసుకున్నావా?"